సెనేట్ హౌస్ గీసిన రాబర్ట్ చిజమ్: నేర్చుకున్న విద్యా, తొడిగిన వేషమా?

చేపాక్ వాసి

మా అమ్మాయి సర్టిఫికెట్ పని మీద గత వారం మద్రాసు విశ్వవిద్యాలయానికి వెళ్లవలసి వచ్చింది. పని ఆలస్యమవుతుందని తెలిశాక సెనేట్ హౌస్ చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేశాను. నాలుగు మూలలా నాలుగు బురుజులు, వాటి మీద గుమ్మటాలు, చెక్కడపు స్తంభాల వరండాలు. ఒక తలుపు ఓరగా తీసి ఉంటే లోపలికి చూశాను. రంగుటద్దాల కిటికీల వెలుగు నేల మీద నీలంగా, ఎర్రగా పడి ఉంది. అక్కడున్న ఇద్దరు ముగ్గురిని ఈ భవనం ఎవరిదని అడిగితే ‘బ్రిటిష్ వాళ్లు కట్టారు’ అన్నారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులకు పట్టా ఇచ్చింది ఈ విశ్వవిద్యాలయమే. మా తాతగారు బందరు నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడే బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఇంతటి భవనానికి రూపం ఇచ్చినవాడి పేరు రాబర్ట్ ఫెలోస్ చిజమ్ అని ఇంటికి వచ్చి వెతికితే గాని నాకు తెలియలేదు. మన పాఠ్యపుస్తకాలలో గవర్నర్ల పేర్లున్నాయి కాని ఈయన పేరు ఒక్కచోట కూడా లేకపోవడం నా ఫిర్యాదు. ఇక నా ప్రశ్న ఇది. ఆయన భవనాలలో మన దేశపు కట్టడాల పోలికలు స్పష్టంగా కనబడుతున్నాయి. అది చూసి, కూర్చుని నేర్చుకున్న విద్యా, లేక ఇంగ్లీషు భవనానికి పైపైన తొడిగిన వేషమా?

పాత మద్రాసు

ముందుగా పేరు గురించి ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది ‘చిషోల్మ్’ అని రాస్తున్నారు గాని, ఆ ఇంటిపేరును వాళ్లు ‘చిజమ్’ అనే పలుకుతారు. మీరు సరిగానే రాశారు.

ఆయన 1840 జనవరిలో లండన్‌లో పుట్టాడు. ప్రెసిడెన్సీ కళాశాలకు మూలమైన పాఠశాల మద్రాసులో మొదలైంది కూడా ఆ ఏడే. చిన్న వయసులోనే భారతదేశానికి వచ్చి కలకత్తా వైపు ప్రజాపనుల శాఖలో పనిచేశాడు. 1864లో మద్రాసు ప్రభుత్వం ప్రెసిడెన్సీ కళాశాలకు, సెనేట్ హౌస్‌కు నమూనాలు కావాలని పత్రికల్లో ప్రకటించింది. సెనేట్ హౌస్‌కు 17 నమూనాలు వస్తే అందులో ఈయనది ఎంపికైంది. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. కళాశాల భవనం ముందు పూర్తయింది. 1870లో డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో వచ్చినప్పుడు దాన్ని ప్రారంభించారు. సెనేట్ హౌస్ పని మాత్రం 1874 ఏప్రిల్‌లో మొదలై 1879లో ముగిసింది.

ఈ పదేళ్ల తేడాలోనే మీ ప్రశ్నకు సమాధానం ఉందని నా అభిప్రాయం. ప్రెసిడెన్సీ కళాశాల భవనం చూడండి, అది ఇటలీ పద్ధతి. దాని మీద ఇప్పుడు కనిపించే గడియారపు గుమ్మటం 1940లో చేర్చినదే గాని చిజమ్‌ది కాదు. అదే చేతితో గీసిన సెనేట్ హౌస్‌కు వచ్చేసరికి గుమ్మటాలు, కమానులు, చెక్కడాలు మారిపోయాయి. మధ్యలో ఆయన ఏదో నేర్చుకున్నాడు.

గోదారి గట్టు

ఆ ప్రెసిడెన్సీ కళాశాలలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తెలుగు పండితులుగా పనిచేశారు. రాధాకృష్ణన్ గారు 1909లో అధ్యాపకులుగా చేరింది కూడా అక్కడే. వీరి జీవితచరిత్రలు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. వాళ్లు నడిచిన వరండాలు ఎవరు గీశారన్న ఆలోచన మాత్రం ఇవాళ్టిదాకా నాకు రాలేదు.

శిల్పరేఖ

నేను ఆర్కిటెక్ట్‌ను కాబట్టి ఈ విషయంలో కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పాత మద్రాసు గారు చెప్పిన ‘నేర్చుకున్నాడు’ అన్న మాట సగమే నిజం. ఆ మధ్యకాలంలో మద్రాసు గవర్నరుగా ఉన్నవాడు లార్డ్ నేపియర్ (1866-72). ఈ దేశంలో ప్రభుత్వ భవనాలకు ముస్లిం కట్టడాల పద్ధతి తగినదని 1870లో ఉపన్యాసమిచ్చి మరీ వాదించినవాడు. చిజమ్ మారడం వెనుక ఆ గవర్నరు ఇష్టం ఉంది.

చేపాక్‌లో జరిగిన వరస కూడా చూడండి. ఆర్కాటు నవాబు వాలాజా 1768లో కట్టించుకున్న మహలు అది. 1855లో నవాబు బిరుదును కంపెనీ రద్దు చేసింది. ఆ తరువాత మహలు ప్రభుత్వం చేతికి వచ్చింది. అందులోని రెండు భాగాలు ఖల్సా మహల్, హుమాయూన్ మహల్. వాటి మధ్య చిజమ్ ఒక బురుజు లేపి, రెండింటినీ కలిపి రెవిన్యూ బోర్డు కచేరీగా మార్చాడు. నవాబు ఇంటి పోలికలోనే బురుజు కట్టారు కాబట్టి కొత్త వారసులం మేమేనని చెప్పకనే చెప్పినట్టయింది. నవాబును ఇంట్లోంచి పంపించి, ఆయన ఇంటి పోకడను మాత్రం ఉంచుకున్నారు. దీన్ని కేవలం కళాభిమానం అని నేను ఒప్పుకోలేను.

తాపీమేస్త్రి మనవడు

శిల్పరేఖ గారి మాటలో న్యాయముంది. నాకున్న బాధ మాత్రం ఇంకొకటి. ‘చిజమ్ కట్టాడు’ అంటున్నాం గాని, ఆయన గీశాడు, కట్టింది వేరేవాళ్లు. మా తాత నెల్లూరు జిల్లా నుంచి మద్రాసుకు పనికి వెళ్లిన తాపీమేస్త్రి. ఆయన కాలం చిజమ్ తరువాతిదే అయినా పనితనం పాతదే. మద్రాసు గచ్చు ఎలా పెట్టేవారో ఆయన చెప్పగా విన్నాను, ఒకసారి చిన్న గోడకు పెట్టి చూపించగా చూశాను.

సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం తెచ్చి, ఇసుకతో కలిపి, ఎద్దు కట్టిన సున్నపు గానుగలో రోజంతా నూరేవారు. కరక్కాయలు నానబెట్టిన నీళ్లూ బెల్లపు నీళ్లూ అందులో పోసేవారు. మొదటి పూత ముతక, రెండవది సన్నం, చివరి పూతకు గుల్ల సున్నాన్ని వెన్నలాగా మెదిపి, కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు కలిపేవారు. అది పూర్తిగా ఆరకముందే నున్నటి గులకరాయి పట్టుకుని రుద్దుతూ కూర్చోవాలి. తడి పైకి తేలుతూ ఉంటుంది, గుడ్డతో అద్దుతూ మళ్లీ రుద్దాలి. మా తాత ఆ చిన్న గోడ మీద మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళకు ఆపాడు. తెల్లారి చూస్తే గోడలో నా ముఖం కనిపించింది. ఆయన బొటనవేలి దగ్గర చర్మం మాత్రం ఊడిపోయింది.

ఆ గోడలు రుద్దినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చిజమ్ పేరు పాఠ్యపుస్తకంలో లేదని చేపాక్ వాసి గారు బాధపడ్డారు. ఆ బాధ వీళ్ల విషయంలో ఇంకెంత ఉండాలి?

పాత మద్రాసు

మనవడు గారు, ఒక్క పేరు మిగిలింది. మద్రాసులో చిజమ్ గీసిన విక్టోరియా పబ్లిక్ హాలు కట్టిన కాంట్రాక్టరు నంపెరుమాళ్ చెట్టి. మద్రాసులో ఆ కాలపు పెద్ద భవనాలలో చాలావాటికి ఆయనే కాంట్రాక్టరు. ఆయన కింద పనిచేసిన మేస్త్రీల సంగతి మీరన్నట్టే మౌనం.

కృష్ణవేణి_హైదరాబాదు

మా హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి కూడా ఈయనవేనా? గుమ్మటాలు చూస్తే ఒకే కుటుంబంలా ఉన్నాయి.

శిల్పరేఖ

కావు. అవి విన్సెంట్ ఎష్ గీసినవి, 20వ శతాబ్దంలోకి వచ్చాక నిజాం కొలువులో జరిగిన పని. పద్ధతి మాత్రం అదే కుటుంబానిది. మన దేశపు గుమ్మటాలు, కమానులు ఇంగ్లీషు భవనాలతో కలిపే ఆ పద్ధతిని ఇండో-సారసెనిక్ అంటారు, దాన్ని తొలిగా స్థిరపరచినవారిలో చిజమ్ ఒకడు. ఆ పద్ధతి హైదరాబాదు చేరేసరికి ఒక తరం గడిచింది.

బరోడా బాటసారి

నేను బరోడాలో చదువుకున్నాను. చిజమ్‌ను మద్రాసు వరకే చూస్తే ఆయన సగమే అర్థమవుతాడు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మహారాజా మూడవ సయాజీరావు కోసం లక్ష్మీవిలాస్ ప్యాలెస్ పని 1878లో మొదలైంది. మొదట గీసినవాడు మేజర్ చార్లెస్ మాంట్ అనే సైనిక ఇంజనీరు. అతడు 1881లో చనిపోయాడు. తన లెక్క తప్పిందని, భవనం కూలిపోతుందని భయపడి మతి చలించి పోయాడని ఒక కథ అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ సగం కట్టిన మహలు చిజమ్ చేతికి వచ్చింది. ఇంకొకరి నమూనాను, అదీ చనిపోయినవాడి నమూనాను, తన ఇష్టానికి పడగొట్టకుండా నిలబెట్టి 1890లో పూర్తి చేశాడు. ఇప్పటికీ ఆ మహలు నిక్షేపంగా నిలిచి ఉంది.

నాకు ఇంకా ఇష్టమైనది బరోడా కళాశాల భవనం. ఇప్పుడది విశ్వవిద్యాలయంలో భాగం. దాని మీద పెద్ద గుమ్మటం ఉంది. దానికి ఆదర్శం బిజాపూర్ గోల్ గుంబజ్. గోల్ గుంబజ్‌లో చతురస్రపు గది మీద గుండ్రటి గుమ్మటం కూర్చోవడానికి ఎనిమిది కమానులు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ లేస్తాయి. గుమ్మటం బరువు బయటికి తోసుకుపోకుండా ఆ అల్లిక లోపలికి లాగి పట్టుకుంటుంది. చిజమ్ ఆ రహస్యాన్ని అర్థం చేసుకుని, బరోడా కళాశాల గురించి, భారతదేశపు గుమ్మటాల నిర్మాణం గురించి లండన్‌లోని బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థకు 1880ల తొలినాళ్లలో వ్యాసం సమర్పించాడు. పైపైన వేషం కావాలనుకున్నవాడు గుమ్మటం ఆకారం కాపీ కొట్టి ఊరుకుంటాడు. అది ఎలా నిలబడుతుందని అడిగి, దాన్ని తన దేశపు ఆర్కిటెక్టుల ముందు పెట్టడు.

పరీక్షల రోజుల్లో ఆ గుమ్మటం కింద కూర్చునేవాణ్ని. పైన పావురాలు కదిలితే ఆ రెక్కల చప్పుడు చుట్టూ తిరిగి మన చెవి దగ్గరికి వచ్చేది.

శిల్పరేఖ

బాటసారి గారు, మాంట్ కథను దయచేసి కథగానే ఉంచండి. అతడు గీసిన కొల్హాపూర్ కొత్త మహలు, అజ్మీర్ మేయో కళాశాల కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. లెక్క రానివాడి పనులు కావవి. ఒక మనిషి చివరి రోజుల మీద రుజువు లేని మాట తరతరాలుగా వేలాడుతూ ఉండడం అన్యాయం.

బరోడా బాటసారి

ఒప్పుకుంటున్నాను. నేను విన్నదే రాశాను, మీరు అన్నది సబబు.

గోదారి గట్టు

విక్టోరియా హాలు మాట వచ్చింది కాబట్టి, అది మన నాటకరంగానికి పుట్టిల్లు వంటిదని గుర్తు చేయాలి. 1883 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేసినవాడు విజయనగరం మహారాజా ఆనంద గజపతి. బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ వచ్చి 1891లో మద్రాసులో నాటకాలు ఆడితే, అవి చూసి ఉత్సాహం పొందిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభను స్థాపించాడు. తరువాత ఆ సభకు విక్టోరియా హాలే ప్రధాన రంగస్థలం అయింది. తమిళ ఆధునిక నాటకానికి మన తెలుగు నాటకం దివిటీ పట్టిందని వాళ్లే చెబుతారు.

నీలగిరి నీరెండ

ఆ హాలు బురుజు పైకప్పు గమనించారా? అది నవాబుల గుమ్మటం కాదు. ఏటవాలుగా, కొసలు దిగి ఉండే తిరువాన్కూరు కప్పు. అక్కడికి ఎలా వచ్చిందంటే, చిజమ్ దానికి ముందే తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం కట్టాడు. 1880లో అది పూర్తయింది. కేరళ వానకు తగిన నిటారు కప్పులు, చెక్కడపు దూలాలు, రంగురంగుల ఇటుకల వరసలు, గాలి ఆడే ఏర్పాటు అన్నీ అందులో ఉన్నాయి. శిల్పరేఖ గారు అన్నట్టు గవర్నరు చెప్పినందువల్లే నవాబు పద్ధతి పట్టుకుని ఉంటే, ఆ గవర్నరు పేరే పెట్టిన భవనానికి కేరళ కప్పు ఎందుకు వేస్తాడు?

ఇక మా నీలగిరిలో లవ్‌డేల్ దగ్గర ఆయన తొలిరోజుల్లో కట్టిన లారెన్స్ బడి పూర్తిగా ఇటలీ గోథిక్, అంటే మధ్యయుగపు యూరోపు చర్చిల పోకడ. వరసగా చూస్తే ఇటలీ, నవాబు, కేరళ. చూసిన ప్రతి ఊరి నుంచీ ఏదో ఒకటి నేర్చుకుంటూ పోయిన మనిషి.

శిల్పరేఖ

నేపియర్ మ్యూజియం విషయంలో మీ మాట నాకు నచ్చింది, దానికి నా దగ్గర ఎదురు లేదు. మదురైలో తిరుమల నాయకుని మహలు శిథిలమైపోతుంటే దాన్ని కొలిచి, గీసి, బాగుచేయించిన పనిలోనూ చిజమ్ ఉన్నాడని నేనే కలుపుతున్నాను. చేపాక్ గురించి నేను అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మనిషి నిజాయితీగా నేర్చుకుని ఉండవచ్చు. ఆ నేర్పును ప్రభుత్వం తన అధికారం చాటుకోవడానికి వాడుకోనూ వచ్చు. రెండూ ఒకే గోడలో ఉంటాయి.

రాజమహల్ చూపు

నాలుగు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు రాయక తప్పదు. మాది చంద్రగిరి. తిరుపతి వచ్చేవాళ్లలో నూటికి పదిమంది కూడా మా కోటలోని రాజమహల్ చూడరు. చిజమ్ చూశాడు. 1883లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో చంద్రగిరి పాత మహలు గురించి ఆయన వ్యాసం అచ్చయింది.

ఆ మహలుకు మూడు అంతస్తులున్నాయి. ఎక్కడా కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. కింద కొనదేలిన కమానులు, సుల్తానుల పద్ధతి. పైన గుడి గోపురాల వంటి శిఖరాలు. రాయల వారసులు మన నేల మీద, మన మేస్త్రీలతో, ఈ రెండు పద్ధతులనూ ఒకే ఇంట్లో కలిపారు. చిజమ్ పుట్టడానికి రెండు వందల ఏళ్లకు పూర్వమే ఈ కలయిక ఇక్కడ జరిగింది. ఇండో-సారసెనిక్ అనే పేరు పెట్టి దాన్ని ఇంగ్లీషువాళ్ల సృష్టి అనడం నాకు అందుకే మింగుడుపడదు. అయితే ఆయన వచ్చి, చూసి, రాసి వెళ్లాడు కాబట్టి ఆయన మీద నాకు గౌరవం ఉంది. 1639లో మద్రాసు స్థలాన్ని కంపెనీకి ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ రాయల సామంతుడే. మద్రాసు మహాభవనాలు గీసినవాడు చివరికి ఆ మద్రాసును ఇచ్చిన ఏలికల ఇంటికే వచ్చాడు.

మండు వేసవిలో ఒంటిగంటకు ఆ కింది అంతస్తులోకి వెళ్లండి. గోడ మీద అరచేయి ఆనిస్తే చల్లగా ఉంటుంది.

చేపాక్ వాసి

రాజమహల్ చూపు గారు, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. నా ప్రశ్నకు ఇంత దగ్గరగా, అదీ మన తెలుగు నేల మీద, సమాధానం ఉంటుందని అనుకోలేదు.

తాపీమేస్త్రి మనవడు

కలప లేకుండా మూడు అంతస్తులు అంటే పూర్తిగా కమాను మీద నమ్మకం. కమాను కట్టేటప్పుడు కింద ఆసరా పెట్టి, నడిమి రాయి కూర్చున్న తరువాతే ఆసరా తీయాలి. ఆసరా తీసే పూట మేస్త్రి దాని కిందే నిలబడేవాడని మా తాత చెప్పేవాడు. చిజమ్ వంటి ఆర్కిటెక్టు నేర్చుకోవలసింది ఇటువంటి మనుషుల దగ్గరే. 1877 నుంచి కొన్నేళ్లు ఆయన మద్రాసు కళాపాఠశాలకు అధిపతిగా ఉన్నాడు. చేతిపనివాళ్లతో రోజూ మెలిగిన ఉద్యోగం అది. నాకు ఆయన మీద కోపం తగ్గింది ఆ సంగతి తెలిశాకే.

థేమ్స్ తెలుగు

ఆయన చివరి రోజుల పని ఒకదాని సంగతి నేను చెబుతాను. 1900ల తొలినాళ్లలో చిజమ్ ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోయాడు. లండన్‌లోని చెల్సీలో స్లోన్ టెరస్ అనే వీధిలో క్రిస్టియన్ సైన్స్ సంఘానికి ఒక చర్చి గీశాడు. 1907 నాటి భవనం. బైజాంటైన్, అంటే పాత తూర్పు రోమన్ సామ్రాజ్యపు పద్ధతి, పక్కన ఒక సన్నటి ఎత్తయిన గోపురం. 1996 నాటికి సంఘం వాళ్లు ఖాళీ చేశారు. 2004 నుంచి అది కడోగన్ హాల్ అనే సంగీతశాల, సుమారు 950 మంది కూర్చోవచ్చు.

నేను అక్కడ మూడుసార్లు కచేరీలు విన్నాను. మొదటిసారి బయట నిలబడి ఆ గోపురం చూస్తే, ఎందుకో చిన్నప్పుడు మెరీనాలో నాన్న చేయి పట్టుకుని నడిచిన సాయంత్రం జ్ఞాపకం వచ్చింది. కారణం తెలియలేదు. ఈ చర్చ చదివాక తెలిసింది.

ఆయన 1915లో చనిపోయాడు.

పాత మద్రాసు

రంగూన్‌లోని హోలీ ట్రినిటీ కెథెడ్రల్ కూడా ఆయనదే. 1886లో వైస్రాయ్ డఫరిన్ శంకుస్థాపన చేశాడు. రంగూన్ రేవులో, మిల్లులలో పనిచేసిన మన ఉత్తరాంధ్ర కూలీలు ఆ చర్చిని రోజూ చూసి ఉంటారు.

నీలగిరి నీరెండ

ఇక మిగిలినవాటిని కాపాడుకునే సంగతి. 2012 జనవరిలో ఖల్సా మహల్ తగలబడింది. ఆ తరువాత ఏళ్ల తరబడి పని చేసి పునరుద్ధరించారు. 2023లో విక్టోరియా హాలు మరమ్మతు పని మొదలైంది. నేను ఉద్యోగం చేసిన ఒక పాత భవనంలో మాత్రం, అది ఎక్కడిదో చెప్పను, సున్నపు గోడ పెచ్చులూడితే సిమెంటుతో పూసేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి తడి బయటికి పోయే దారి లేక గోడ లోపలే ఉప్పు పూసింది, సిమెంటుతో పాటు పక్కనున్న మంచి ఇటుక కూడా ఊడి వచ్చింది.

తాపీమేస్త్రి మనవడు

సున్నపు గోడకు సున్నమే మందు. ఈ ఒక్క మాట ఆ కచేరీల గోడల మీద రాయించాలని ఉంది. గచ్చు పెట్టడం వచ్చినవాళ్లు మా వైపు ఇంకా ఇద్దరున్నారు, ఇద్దరికీ డెబ్బై దాటింది. మరమ్మతు పనులు చేసేవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే నాకు సందేశం పంపండి, వాళ్ల దగ్గరికి నేను తీసుకువెళతాను.

శిల్పరేఖ

పంపుతున్నాను. వచ్చే నెలలో నా విద్యార్థులు ఆరుగురిని తీసుకుని రాగలనా? వాళ్లు వట్టి చేతులతో రారు, గులకరాళ్లు తెచ్చుకుంటారు.

తాపీమేస్త్రి మనవడు

రండి. రాళ్లు ఇక్కడే ఉన్నాయి, మా తాతవి.